బాపు బస్సుకు గ్రాఫిక్స్ కార్డు

"సారు లేడా?"

కల్వకుర్తిల నేను ఫొటో స్టూడియో పెట్టి పదేండ్లయితాంది. దుకాణం గడప తొక్కినోళ్లల్ల సగం మంది అడిగే మొదటి మాట గిదే. కెమెరా నా మెడల ఏలాడుతుంటది, కంప్యూటర్ ముంగట కుర్సీల నేనే కూసోని ఉంట, అయినా నా నెత్తి మీదికెళ్లి లోపలికి తొంగి చూసి "సారు లేడా?" అంటరు. ఒకసారి యాష్టకొచ్చి "లేడు, సచ్చిండు" అన్న. ఆ పెద్దమనిషి పాపం గడప మీదనే కూలబడి "అయ్యో, ఎట్ల బిడ్డా?" అని అడిగిండు. ఇగ ఆయనను ఓదార్చనీకి నేనే చాయ్ తెప్పియ్యాల్సి వచ్చింది.

నాకు ముక్కు మీదనే కోపం, ఒప్పుకుంట. అది బాపు దిక్కునుంచి వచ్చింది. వందల పెండ్లిళ్లు తీసిన, నాది మాత్రం తీయించుకోలే, ఇంట్ల అమ్మా బాపూ నేనే. గీ కోపాన్ని ఇంకో ఇంటికి తీస్కపోతె వాళ్లు ఆగమైతరని అమ్మ అంటుంటది. కానీ ఇప్పుడు చెప్పే ముచ్చటల నా కోపానికి కారణం ఉన్నది. ఒక్క కంప్యూటర్ కార్డు కొననీకి మూడు నెలలు నా నెత్తి ఖరాబైంది. అది నా ఒక్కదాని కోసం గూడ కాదు. బాపు కోసం.

బాపు బస్సు డ్రైవరు. డిపోల ముప్పై ఏండ్ల దగ్గర సర్వీసు, అందుల ఎక్కువ శ్రీశైలం ఘాట్ మీదనే. ఒకనాడు పొద్దుగాల చాయ్ తాగుతుంటె గ్లాసు చేతిలకెళ్లి జారింది. ఏందని చూస్తె మూతి పక్కకు పోయింది. దవాఖానల పది దినాలున్నడు. కాలు మళ్ల వచ్చింది, మాట వచ్చింది. ఎడమ చెయ్యి మాత్రం సగమే వచ్చింది. భుజం దాక లేస్తది, కానీ వేళ్లు పట్టుకోవు.

డిపోవాళ్లు మంచిగనే చెప్పిండ్రు. కొన్ని నెలలు సెలవు తీస్కో, తర్వాత డాక్టర్లు చూస్తరు, చెయ్యి బాగుంటె స్టీరింగు, లేకుంటె గేటు కాడ కుర్సీల కూసోని వచ్చే పోయే బండ్లు రాసుకునే పని. ఆ పరీక్షే వద్దనుకుంటె మాకు ముందే చెప్పు, డాక్టర్ల కాడికి పోకుండనే గేటు పని ఇస్తం అన్నరు. ఇంక రెండేండ్ల సర్వీసే మిగిలింది. వేరేటోళ్లైతె అదే చాలనుకుంటరు. బాపు వింటడా?

"బస్సు మీద ఎక్కిన, బస్సు మీదికెళ్లే దిగుత. గేటు కాడ కూసోని ఈగలు కొట్టుకుంట దిగనంటె దిగ" అన్నడు. ఆ మాట అన్నప్పుడు మూతి ఇంక పూర్తిగ సక్కగ కాలే, అయినా ఒక్కొక్క అక్షరం మాకు తెలిసింది.

చెయ్యికి కసరత్తు చేయించాల్నని దవాఖానల ఒకాయన రబ్బరు బంతి ఇచ్చిండు. రోజుకు వందసార్లు పిసకాల్నట. బాపు రెండు దినాలు పిసికి మూడో దినం దాన్ని పెరట్లకు ఇసిరేసిండు. "నేనేమన్న పాలు తాగే పిలగాన్నా?" అని మా మీదికే లేసిండు. అమ్మ బతిమిలాడింది, నేను తిట్టిన. ఆయనకు మా రెండూ చెవులకు పోలే.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. పాత సామాన్లు అమ్మే యాప్‌ల ఒక ప్లాస్టిక్ స్టీరింగు కనబడింది. బల్లకు బిగిస్తరు, కింద రెండు పెడల్లు, ఎడమ దిక్కు వేలెడు గేరు రాడు. దాన్ని తెప్పించి స్టూడియోల నా కంప్యూటర్‌కు తగిలిచ్చి, కొండల రోడ్ల మీద బస్సు నడిపే గేమ్ ఒకటి ఎక్కిచ్చిన. మధ్యాహ్నం తిన్నంక గిరాకీ ఉండదు, ఆ టైముల బాపును తెచ్చి కూసోబెట్టిన. నవ్వుతడేమో, తిడుతడేమో అనుకున్న. బాపు కుడి చేత్తో ఆ ప్లాస్టిక్ స్టీరింగును ముట్టి కండ్లకద్దుకున్నడు. నిజం చెప్తున్న, నాకు కండ్ల నీళ్లు తిరిగినయి.

ఇంకా ఏమైందంటె, బంతి పిసకని చెయ్యి గేరు దిక్కు పోయింది! ఎవ్వరు చెప్పకుండనే. మెల్లగ, వణుక్కుంట, కానీ పోయింది. వారం తిరిగేసరికి రెండు వేళ్లు రాడును పట్టుకుంటున్నయి. అమ్మ గీ సంగతి విని స్టూడియో దాక నడుచుకుంట వచ్చి తలుపు కాడ నిలబడి చూసి పోయింది. బాపు ఎట్లనన్న చేసి డాక్టర్ల ముంగట పాసైతడని మా ముగ్గురికీ ఆ వారంలనే ఆశ పుట్టింది.

కానీ కంప్యూటరో! ఎనిమిదేండ్ల కింది డబ్బా. తెర మీద బొమ్మను నడిపిచ్చే గ్రాఫిక్స్ కార్డే లేదు దానికి. సక్కటి రోడ్డు మీద బస్సు ఎట్లనో పోతది. ఘాట్ల మలుపు వచ్చిందంటె బొమ్మ ఆడికాడికే ఆగుతది. మూడు నాలుగు సెకండ్లు గట్లనే గుడ్లు మిటకరించి, మళ్ల బొమ్మ కదిలేసరికి బస్సు లోయల ఉంటది.

"చూసినవా? బండి మిస్సింగ్ కొడుతాంది" అనేటోడు బాపు. "పికప్ లేదు బిడ్డా. గీ ఇంజన్‌తోని దేవుడు నడిపినా పడుతడు."

నేను గూడ గట్లనే అనుకున్న. బండి మంచిదైతె బాపు నడుపుతడని పూర్తిగ నమ్మిన.

నా పని గూడ ఆ డబ్బా మీద ఆగమాగమైతుండె. ఆ యేడు కొత్త కెమెరా తీస్కున్న, దాని ఫొటోలు ఒక్కొక్కటి ఇంత లావు. ఆల్బంల పెండ్లిపిల్ల ఎనక ఉన్న కుర్సీలు, నీళ్ల డ్రమ్ములు చెరిపేయాల్నంటె ఒక్కసారి నొక్కి, పోయి మొఖం కడుక్కోని వచ్చినా అది తిరుగుతనే ఉంటది. ఒక పెండ్లివాళ్లు దుకాణానికి వచ్చి "అమ్మాయికి ఏడో నెల పడ్డది, ఆల్బం ఇంకా రాలే, ఇగ సీమంతం ఫొటోలు గూడ అండ్లనే పెట్టు" అని ఎగతాళి చేసి పోయిండ్రు. తప్పు మనదే ఉంటె కోపం గూడ కడుపులనే మండాలె.

సరే, కార్డు కొందామనుకున్న. ఫొటోలకు ఫొటోలు, బాపు బస్సుకు బస్సు. కొనుడంటె ఏమున్నది, దుకాణానికి పోతం, తెస్తం అనుకున్న. అబ్బ, ఎంత అమాయకురాలిని!

ముందుగల ఫోన్ల వీడియోలు చూసిన. ఒక్కొక్కడు వాన్ని ఎవరో కొడుతున్నట్టు అరుస్తడు. పచ్చ గుర్తు కంపెనీది తీస్కోమని ఒకడు, పచ్చ కంపెనీ దోచుకుంటాంది ఎర్ర గుర్తు కంపెనీది తీస్కోమని ఇంకొకడు. ఎర్రది ఆటలకు బాగుంటది కానీ ఫొటోలకు పచ్చదే అని మూడోవాడు. ఇగ ఆ నంబర్లు! పెద్ద నంబరుంటె పెద్ద కార్డనుకుంటం గదా? కాదట. ముందటి రెండు అంకెలు పుట్టిన యేడు లెక్క, ఎనక రెండు అంకెలు దాని తాకత్. కొత్తగ పుట్టిన బలం లేనిదానికంటె ముందు పుట్టిన బలమున్నది మంచిది. అది గూడ అన్నిసార్లు కాదు. నంబరు పక్కన రెండు ఇంగ్లీషు అక్షరాలుంటె ఒక తీరు, లేకుంటె ఒక తీరు. కాయితం మీద రాసుకున్న, కొట్టేసిన, మళ్ల రాసుకున్న. ఆఖరికి ఆ కాయితం చించి పారేసిన.

తోటి ఫొటోగ్రాఫర్లను అడిగిన. ఫొటోలకు అసల్ కార్డే అక్కర్లేదు, ర్యామ్ పెంచు అని ఒకాయన. ఆ పాత సంగతి, ఇప్పటి సాఫ్ట్‌వేర్ మనిషిని ఎనక జాగా నుంచి వేరు చేసుడు కార్డు మీదనే చేస్తది అని ఇంకొకాయన. "ఉత్త ఫొటోలకేనా, గేమ్ గూడ ఆడుతవా?" అని అడుగుతరు. "ఎప్పుడన్న" అంటె చాలు, ఒకటే నవ్వు. దాని మీద ఆ రోజుల్ల కార్డులే దొరకకపాయె. ఎవరో కంప్యూటర్లల్లకెళ్లి ఏవో డిజిటల్ పైసలు తవ్వుతున్నరట, దేశంల ఉన్న కార్డులన్నీ వాళ్లే ఎత్తుకపోయిండ్రట. ఎవరు తవ్వుతున్నరు, ఎందుకు తవ్వుతున్నరు నాకు తెల్వదు, కానీ వాళ్లు నా చేతికి దొరికితె మాత్రం ఉండు.

బస్టాండు దిక్కు ఒక కంప్యూటర్ దుకాణం ఉన్నది. అమ్ముతడు, రిపేర్ చేస్తడు, ఆయనే ఓనరు ఆయనే మెకానిక్కు. బాపును ఎంట తీస్కోని పోయిన. నేను అడుగుతుంటె ఆయన బాపు దిక్కు చూసి జవాబు చెప్తడు!

"సార్, బజెట్ ఎంతల చూస్తుండ్రు? ఏం పనికి?"

"ఫొటో ఎడిటింగ్‌కు. అప్పుడప్పుడు గేమింగ్‌కు" అన్న నేను.

"గేమింగా? ఇంట్ల పిల్లలు గూడ వాడుతరా సార్?" అన్నడు, మళ్ల బాపుకే.

"ఆడేది నేనే. కొనేది ఆమె, ఆమెనే అడుగు. నాకు డీజిల్ బండ్లు తప్ప ఏం తెల్వది" అన్నడు బాపు.

ఆయన మా ఇద్దరినీ చూసుకుంట నవ్వు ఆపుకోలేక మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నడు. నాకు ఒళ్లు మండింది. ఈ దుకాణంల కొనేదే లేదని బాపును లేపిన. కానీ ఎనకకెళ్లి ఆయన "పట్నంల దొరికితె తెచ్చుకోండ్రి మేడం, బిగిచ్చుడు నేనే వచ్చి బిగిస్త" అని ఒర్లిండు. మొదటిసారి మేడం అన్నడని జర చల్లబడ్డ. అదే నేను చేసిన తప్పు.

పట్నం పోయినం. బాపు బస్సుల డ్రైవర్ ఎనక సీటు తప్ప ఎక్కడ కూసోడు. కూసోని, ఆ డ్రైవరు గేరు మార్చినప్పుడల్ల ఈయన ఎడమ చెయ్యి మోకాలు మీద జర జర కదులుతది. డాక్టర్ల కాడికి ఇంకా నెలన్నర ఉన్నది. సికింద్రాబాద్‌ల కంప్యూటర్ల బజారు మొత్తం తిరిగినం. ఒక కాడ ఉన్నది పాతది, ఒక కాడ కొత్తదే కానీ నా పనికి చాలనిది, ఒక కాడ అన్నీ సరిపోయినయి కానీ ఆ కార్డు పెట్టె వరకే ఉన్నది, లోపల కార్డు నిన్ననే పోయిందట! చూపెట్టనీకి ఖాళీ పెట్టెను దేవుని పటం లెక్క ముంగట పెట్టుకున్నడు. పదకొండో దుకాణంల దొరికింది. బాపు దాన్ని కుడి చేత్తో ఎత్తి బరువు చూసిండు, తిప్పి చూసిండు. "మూడు ఫ్యాన్లున్నయి. ఇది ఘాటెక్కుతది" అన్నడు. నేను రాసుకున్న నంబర్లకంటె ఆ మాట మీదనే ఎక్కువ నమ్మకం కుదిరింది. నాకు ఏది కొన్నా ఫొటో తీసి పెట్టుకునే అలవాటు, ఆ కార్డును, దాని మీద అతికిచ్చిన సీరియల్ నంబరును బల్ల మీదనే తీసి పెట్టుకున్న.

కల్వకుర్తికి తెచ్చినంక దుకాణపాయన వచ్చిండు. కార్డు డబ్బాల పట్టలే. నాలుగు వేళ్ల పొడుగెక్కువ, లోపల హార్డ్‌డిస్కు పెట్టే ఇనుప గూడు అడ్డం వస్తాంది. కొత్త డబ్బా తెప్పియ్యాల్నంటె వారం పడుతది అన్నడు. వారమా? నేను డబ్బా ఖాళీ చేసి చంకల పెట్టుకోని పక్క గల్లీల గేట్లు చేసే వెల్డింగాయన కాడికి పోయిన. ఆయన ఏమడగలే, గూడును కోసి అవతల పారేసిండు. అప్పుడు కార్డు కూసున్నది. మళ్ల కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్ చాలదన్నడు, అది గూడ మార్చినం. అన్నీ అయినంక ఆయన స్విచ్చేసి, తెర మీద బొమ్మ వచ్చేదాక ఉండి ఎల్లిపోయిండు. గీ పనులన్నిటికి పదిహేను దినాలు పోయినయి.

తెల్లారి బాపు వచ్చిండు. డబ్బా మూత ఇంకా పెట్టలే. బాపు అలవాటు కొద్ది ఒంగి లోపలికి చూసిండు. బస్సు తీసే ముందు డ్రైవర్లు బానెట్ లేపి చూడకుండ తియ్యరు గదా. చూసి గట్టిగ అరిసిండు.

"బంద్ చెయ్, బంద్ చెయ్! ఫ్యాన్లు తిరుగుతలేవు!"

నిజమే. కంప్యూటర్ నడుస్తాంది, కార్డు మీద మూడు ఫ్యాన్లు కదలకుండ ఉన్నయి. జర గేమ్ పెట్టి చూద్దాం బాపు అన్న. బాపు నా చెయ్యి పట్టుకున్నడు. "ఫ్యాను తిరగకుండ బండి తీస్తరా ఎవరన్న? ఇంజన్ సీజ్ అయితది. ముప్పై ఏండ్లల్ల ఒక్క ఇంజన్ సీజ్ కానియ్యలే నేను" అన్నడు. ముప్పై ఏండ్లు బండి నడిపినోడాయె. నేనే పోయి ప్లగ్గు గుంజేసిన.

దుకాణపాయనను పిలిచిన. ఆయన వచ్చి చూసి, తల ఊపి, "అవును మేడం, డిఫెక్ట్ పీసు" అన్నడు. కంపెనీకి పంపితె నెల పడుతదట. డాక్టర్ల కాడికి ఇంక నెల గూడ లేదు! అప్పుడు ఆయనే ఒక దారి చెప్పిండు. తన కాడ ఇంకొక కార్డు ఉన్నదట, జర వాడింది కానీ గట్టిదట. అది మాకిచ్చి, మాది ఆయన తీస్కోని, కంపెనీతోని లొల్లి ఆయనే పడుతడట. బాపు ఆ కార్డు పెట్టిచ్చి చూసిండు. స్విచ్చేసుడు ఆలస్యం, పిండిమర లెక్క మోత! "గిదీ బండంటె" అని బాపు సంబరపడ్డడు. ఇచ్చేసినం. దండం పెట్టి మరీ ఇచ్చిన.

ఆ మోత కార్డుతోని మూడు వారాలు ఏగినం. పది నిమిషాలు బాగనే పోతది, అటెన్క కాలుతది, కాలినంక బొమ్మ ఆగుడు మళ్ల షురూ. మలుపు రాంగనే ఆగుతది, బస్సు లోయల పడుతది. పైసలు తవ్వినోళ్ల కాడ ఏండ్ల తరబడి రాత్రీ పగలూ నడిచి నడిచి వచ్చిన కార్డు అది, ఆ సంగతి తర్వాత తెలిసింది. "రేడియేటర్ పోయింది" అనేటోడు బాపు. "మంచి బండి దొరకలే నాకు. దొరికితె చూపిస్త." దినాలు దగ్గర పడుతున్నయి. కార్డును తిట్టుడు, కంప్యూటర్‌ను తిట్టుడు, గిరాకీ వస్తె గిరాకీని తిట్టుడు. ఒకామె పాస్‌పోర్టు ఫొటోకు వస్తె నవ్వకుండ్రి అని ఎంత గట్టిగ అన్ననో, ఆమె ఫొటోల ఏడుపు మొఖమే వచ్చింది.

కొత్తకోటల ఒక పెండ్లికి రెండో కెమెరాకు పోయిన. బువ్వ తినేటప్పుడు అక్కడి ఫొటోగ్రాఫరుతోని నా బాధంత చెప్పుకున్న. ఫ్యాన్లు తిరగలే, కార్డు మార్చుకున్న అనంగనే ఆయన చేతిల ముద్ద ఆగింది.

"అక్కా, గేమ్ పెట్టి చూసినవా?"

"లేదు. బాపు పెట్టనియ్యలే."

"కొత్త కార్డులన్నీ గంతే అక్కా. వేడెక్కితేనే ఫ్యాన్లు తిరుగుతయి. ఉత్తగున్నప్పుడు ఆగే ఉంటయి. గట్లనే తయారు చేస్తరు. గేమ్ పెట్టుంటె నిమిషంల తిరుగుతుండె."

నా మీద నాకే ఎంత అసహ్యమైందంటె, ఆ పెండ్లిల తలంబ్రాల ఫొటోలు సగం వంకర పడ్డయి. దుకాణపాయనకు గీ సంగతి తెల్వకుండ ఉంటదా? దినాం కార్డులు బిగిచ్చేటోడు!

తెల్లారి బాపుకు చెప్పిన. "మా బండ్లల్ల గట్ల ఉండదు" అని మెల్లగ అన్నడు బాపు. తర్వాత చెప్పులేసుకున్నడు. "పా."

దుకాణపాయన మమ్మల్ని చూసి, కార్డు కంపెనీకి పోయింది మేడం అన్నడు. ఏ దినం పోయింది, కాయితం చూపియ్ అన్న. కాయితం ఇంట్ల ఉన్నదట. ఆయన బల్ల మీద ఆయన సొంత కంప్యూటర్ ఉన్నది, పక్కకు అద్దం ఉన్న డబ్బా. అద్దంలకెళ్లి మూడు ఫ్యాన్లు కనబడుతున్నయి, తిరగకుండ. నేను బల్ల దాటి లోపలికి పోయి అద్దానికి మొఖం ఆనిచ్చి, నా ఫోన్ల ఉన్న నంబరు, దాని మీదున్న నంబరు ఒక్కొక్క అంకె గట్టిగ చదివిన. దుకాణంల ఉన్న గిరాకీ అంత ఇటు తిరిగిండ్రు.

"మీరే ఇచ్చిండ్రు గదా మేడం, నేనేమన్న గుంజుకున్ననా?" అన్నడు.

నా నోట్లకెళ్లి ఏమొచ్చిందో ఈడ రాయ. బాపు ముంగటికి వచ్చి కుడి చెయ్యి అడ్డం పెట్టిండు. "తప్పు నాది. ఫ్యాన్లు తిరగలేదని చెప్పింది నేను. నీకు తెలిసి గూడ చెప్పకపోవుడు నీది. నాకు డాక్టర్ల కాడికి ఐదు దినాలే ఉన్నది. కార్డు తీసియ్" అన్నడు. అరవలే. నా కోపానికి భయపడనోడు ఆ మాటకు తల దించిండు. మోత కార్డు ఆయన ముంగట పెట్టి, మాది తెచ్చుకున్నం.

ఆ మధ్యాహ్నమే పెట్టిచ్చిన. ముందుగల నా ఫొటో ఒకటి తెరిచిన, పెండ్లిపిల్ల ఎనక డ్రమ్ములు నొక్కుడు నొక్కుడే మాయమైనయి. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఇగ రా బాపు అన్న.

బాపు స్టీరింగు ముట్టి కండ్లకద్దుకోని కూసున్నడు. గేమ్ పెట్టంగనే ఫ్యాన్లు తిరిగినయి. బాపు వాటి దిక్కు చూసి తల ఊపిండు. బస్సు బయలెల్లింది. ఎంత ముద్దుగ పోతాందంటె, చెట్లు, రాళ్లు, రోడ్డు మీద తెల్ల గీత, ఏదీ ఆగుతలేదు, ఏదీ తునగుతలేదు. ఘాటు మొదలైంది. కుడి మలుపు మంచిగ తిప్పిండు. నేను చప్పట్లు కొట్టిన.

ఎడమ మలుపు వచ్చింది. గేరు మార్చాలె. బొమ్మ ఆగలే. చెయ్యి ఆగింది. బాపు ఎడమ చెయ్యి రాడు దిక్కు బయలెల్లింది, వణికింది, వేళ్లు రాడును ముట్టేసరికి బస్సు గోడ దాటి లోయల పడ్డది. మొత్తం కనబడింది. ఇన్ని దినాలు బొమ్మ ఆగి దాచిపెట్టిందంత మా ఇద్దరి కండ్ల ముంగట సాఫ్‌సీదగ కనబడింది.

"ఇంకోసారి" అన్నడు.

ఇంకోసారి పడ్డది. మళ్ల పడ్డది. నాలుగోసారి బాపు కుడి చేత్తోని ఎడమ చెయ్యి మణికట్టు పట్టుకోని గేరు మీద పెట్టిండు. స్టీరింగు మీద ఏ చెయ్యీ లేదు అప్పుడు. అది గూడ పడ్డది. ఐదోసారి మలుపుకు ముందే బస్సును పక్కకు ఆపి, ఇండికేటర్ ఏసి, పెడల్ మీదికెళ్లి కాలు తీసిండు.

నేను ఏదో ఒకటి అనాల్నని, "స్టీరింగుదే ఏదో ఉన్నది బాపు, ప్లాస్టిక్‌ది గదా, మంచిది తెప్పిస్త" అన్న.

"వద్దు బిడ్డా. బండి మంచిగనే ఉన్నది."

కాసేపు తెర దిక్కే చూసిండు. ఆ బస్సు పక్కకు ఆగి ఇండికేటర్ కొట్టుకుంటనే ఉన్నది. బాపు అడిగిండు, "నీ ఫొటోలు జల్ది అయితున్నయా ఇప్పుడు?"

"అయితున్నయి."

"మంచిది" అని లేసిండు. "రేపు డిపోకు పోదాం. గేటు కాడ పని చేస్తనని చెప్త. డాక్టర్ల దాక ఎందుకు, నలుగురి ముంగట?"

బాపు ఇంటికి పోయిండు. నేను ఆ కార్డు దిక్కు చూసుకుంట కూసున్న. నాకు ఎంత కోపమొచ్చిందంటె చెప్పలేను. మూడు నెలలు తిరిగి, అందరితోని లొల్లి పెట్టుకోని, ఆఖరికి అసల్‌ది తెచ్చిన. ఆ దుకాణపాయన కాడ నేను కొట్లాడి దీన్ని గుంజుకరాకుంటె, బాపు ఇంకో ఐదు దినాలు డ్రైవర్‌గనే ఉండేటోడు.